ఓపెన్ సోర్స్ పెట్టుబడిదారీకి ప్రత్యామ్నాయమా, దానికి దొరికిన ఉచిత ముడిసరుకా?

చింతామణి:
ఓపెన్ సోర్స్ అంటే ఎవరైనా చూసి, మార్చి, పంచుకోగల కోడ్. 1983లో ప్రోగ్రామర్ స్టాల్‌మన్ అలాంటి ఆపరేటింగ్ సిస్టమ్ కోసం గ్నూ ప్రాజెక్టు ప్రకటించాడు, 1991లో లినక్స్ వచ్చింది. ఎవరి సొంతమూ కాని ఆ కోడ్ మీదే ఇవాళ ఇంటర్నెట్‌లో చాలా భాగం నడుస్తోంది. లాభం చూపించకపోతే మనిషి పని చెయ్యడన్న వాదనకు ఇంతకన్నా గట్టి జవాబు ఏం కావాలి? మార్కెట్‌కు బయట కూడా ఉత్పత్తి సాధ్యమేనని ఇది రుజువు చేసిందని నా నమ్మకం.

సూటిమాట:
మార్కెట్‌కు బయటా? లినక్స్ కెర్నల్‌కు, అంటే దాని మూల భాగానికి, ప్యాచ్‌లు (కోడ్ మార్పులు) పంపేవాళ్లలో ఎక్కువమంది ఇంటెల్, రెడ్ హ్యాట్, గూగుల్ లాంటి కంపెనీల ఉద్యోగులు. 2019లో ఐబీఎం ఆ రెడ్ హ్యాట్‌ను 3,400 కోట్ల డాలర్లకు కొన్నది. అందరికీ కావాల్సిన పునాదిని కంపెనీలు కలిసి కట్టుకుని ఖర్చు పంచుకుంటున్నాయి, పై అంతస్తుల్లో పోటీ పడుతున్నాయి. ఇది పక్కా వ్యాపార లెక్క.

చింతామణి:
ఐబీఎం కొన్నది కస్టమర్లను, ఇంజినీర్లను, పేరును. కోడ్ అప్పటికే అందరి చేతిలో ఉంది.

సూటిమాట:
నా ప్రశ్నకు జవాబు రాలేదు. కెర్నల్ రాసేవాళ్లు జీతగాళ్లా, కాదా?

చింతామణి:
జీతగాళ్లే, అయితే ఏంటి? జీతమిచ్చినవాడికి ఆ కోడ్‌కు తాళం వేసే హక్కు లేదు. కెర్నల్ ఇప్పటికీ 1991 నాటి జీపీఎల్ అనే లైసెన్స్ రెండో వెర్షన్ కిందే ఉంది. మార్చి పంచితే మూల కోడ్ కూడా ఇవ్వాల్సిందే.

వేగుచుక్క:
కాపీరైట్ చట్టం లేకపోతే జీపీఎల్ నిలబడదు. ఆస్తి హక్కును వాడుకుంటూనే ఆస్తి హక్కును కాదంటున్నారు.

పాతకాపు:
2001లో మైక్రోసాఫ్ట్ అధిపతి బాల్మర్ లినక్స్‌ను క్యాన్సర్ అన్నాడు. 2018లో అదే మైక్రోసాఫ్ట్, ఓపెన్ సోర్స్ కోడ్ పంచుకునే వేదిక గిట్‌హబ్‌ను 750 కోట్ల డాలర్లకు కొన్నది. ఎవరు ఎవరి దారికి వచ్చారో ఆలోచించండి.

నిశాచరి:
మీరంతా కెర్నల్ దగ్గరే ఆగిపోయారు. దానికి జీతాలిచ్చేవాళ్లు ఉన్నారు. నాది తేదీలను చదివే చిన్న లైబ్రరీ, అంటే వేరే ప్రోగ్రాములు వాడుకునే కోడ్; ఎంఐటీ లైసెన్స్. ఒక పెద్ద ఆర్థిక సంస్థ దాన్ని వాడుతోందన్న సంగతే వాళ్ల సెక్యూరిటీ విభాగం మెయిల్ పెట్టేదాకా నాకు తెలీదు. ఫారం నింపండి, లోపం ఎప్పటికి సరిచేస్తారో రాసివ్వండి అని. మాకూ వాళ్లకూ ఒప్పందం లేదు, కనీసం ఒక పలకరింపు లేదు. అప్పుడు మా నాన్న ఆస్పత్రిలో ఉన్నారు. జవాబు ఆలస్యమైందని నేను బాధ్యత లేనిదాన్నని అందరికీ కనిపించేలా రాశారు.

2014లో హార్ట్‌బ్లీడ్ అనే భద్రతా లోపం బయటపడేదాకా, ఇంటర్నెట్‌లో సమాచారాన్ని గుప్తంగా ఉంచే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌ను ఎంత కొద్దిమంది నెట్టుకొస్తున్నారో ఎవరికీ పట్టలేదు. ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ ఉదంతం మరీ ఘోరం. దాన్ని చూసుకుంటూ అలసిపోయిన మెయింటెయినర్‌కు సాయం చేస్తున్నట్టు నటిస్తూ, రెండేళ్లకు పైగా నమ్మకం సంపాదించి, ఎవరో అందులో దొంగదారి పెట్టారు. లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందని ఒక ఇంజినీరు అనుమానపడబట్టి 2024లో దొరికింది. మీరు కొత్త ఉత్పత్తి విధానం అంటున్నది ఇదే, జీతం లేని చాకిరీ.

సూటిమాట:
మీకు జరిగింది అన్యాయమే. కానీ ఎంఐటీ లైసెన్స్ పెట్టుకున్నది మీరే. ఎవరైనా ఎలాగైనా వాడుకోవచ్చని అందులోనే ఉంది. తర్వాత డబ్బు రాలేదంటే ఎలా?

నిశాచరి:
డబ్బు అడిగానని ఎక్కడుందో చూపించండి.

సూటిమాట:
"జీతం లేని చాకిరీ" అన్నది మీరే కదా.

చింతామణి:
అందుకే జీపీఎల్ కన్నా గట్టిదైన ఏజీపీఎల్ లైసెన్స్ వాడమంటాను. మార్చిన కోడ్‌ను సర్వర్‌లో నడిపి సేవగా అమ్మినా మూల కోడ్ ఇవ్వాలి. లైసెన్స్‌ను బిగించుకుంటే సగం సమస్య తీరుతుంది.

సూటిమాట:
బిగిస్తే ఏమవుతుందో నాకు తెలుసు, లైసెన్స్ మార్చిన కంపెనీలోనే పనిచేశాను కాబట్టి. మా కోడ్‌ను క్లౌడ్ కంపెనీలు అద్దెకిచ్చుకుని సంపాదించాయి. మేం లైసెన్స్ మారిస్తే మీలాంటి వాళ్లే మమ్మల్ని ద్రోహులన్నారు. వెంటనే ఫోర్క్, అంటే పాత కోడ్ నుంచి విడిపోయిన వేరే రూపం, వచ్చింది, కస్టమర్లు పోయారు, మా టీమ్ మొత్తాన్ని తీసేశారు. ఎలాస్టిక్ కంపెనీ 2021లో లైసెన్స్ మారిస్తే అమెజాన్ ఓపెన్‌సెర్చ్ అనే ఫోర్క్ తెచ్చింది. 2023లో హ్యాషికార్ప్ కంపెనీ మారిస్తే ఓపెన్‌టోఫు అనే ఫోర్క్ పుట్టింది. కంపెనీ నాలుగు డబ్బులు చూసుకుంటే ద్రోహం, ఒంటరి మనిషి కష్టపడితే త్యాగమా? మా ఇళ్లు ఎలా గడవాలో అప్పుడు ఒక్కరూ అడగలేదు.

చింతామణి:
బయటివాళ్లు ఊరికే ఇచ్చిన ప్యాచ్‌లతో ఎదిగి, ఆ తర్వాత తలుపు వేస్తే ద్రోహం అనక ఇంకేమనాలి?

పాతకాపు:
ఇద్దరూ కాస్త తగ్గండి.

నిశాచరి:
మీ ఇద్దరి గొడవా కోడ్ ఎవరిదన్న దాని మీదే. కోడ్‌ను ఎంతమంది వాడినా తరగదు. దాన్ని చూసుకునే మనిషి సమయం తరుగుతుంది. 2009లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్న ఎలినార్ ఆస్ట్రోమ్ అడవుల్నీ, నీటి వనరుల్నీ, చేపల వేటనూ పరిశీలించింది. ఉమ్మడి వనరు నిలిచిన చాలా చోట్ల వాడుకునేవాళ్లే కూర్చుని నియమాలు పెట్టుకున్నారని చూపించింది. మనం కోడ్‌ను కాపాడే లైసెన్స్‌లు ఎన్నో రాసుకున్నాం. మనిషిని కాపాడే నియమం ఒక్కటీ రాసుకోలేదు.

సూటిమాట:
నియమమంటే ఒప్పందం, ఒప్పందానికో ధర. మళ్లీ మార్కెట్‌కే వచ్చారు.

చింతామణి:
ప్రభుత్వాలు ఇవ్వాలి. జర్మనీ 2022లో సావరిన్ టెక్ ఫండ్ పెట్టింది దీనికోసమే.

నిశాచరి:
ఎవరివ్వాలన్నది తర్వాత. సూటిమాట గారూ, లైసెన్స్‌లో రాయకపోయినా వాడుకునేవాళ్లకు ఏదైనా బాధ్యత ఉంటుందా, ఉండదా?

సూటిమాట:
ఉండదు. రాయనిది అడగకూడదు.

నిశాచరి:
మరి వాళ్లు నన్ను గడువు అడిగారే, అది ఏ లైసెన్స్‌లో ఉంది?

సూటిమాట:
వాళ్లకూ ఆ హక్కు లేదు. మీరు జవాబివ్వాల్సిన పనే లేదు.

నిశాచరి:
ఇవ్వకపోతే నష్టపోయేది ఆ సంస్థలో డబ్బు దాచుకున్న మామూలు జనం. అందుకే లోపం సరిచేశాను. ఫారం నింపలేదు.