రాయగడ, కోరాపుట్ వైపు డెబియన్ 12కి ఏ మిర్రర్ నమ్మకంగా పనిచేస్తోంది?

అందరికీ నమస్కారమండీ. ఒడిశా రాయగడలో పది సిస్టమ్‌ల ల్యాబ్, అన్నిట్లో డెబియన్ 12 (లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్). దగ్గర కదా అని సోర్సెస్ లిస్ట్‌లో (ప్యాకేజీలు ఎక్కడి నుంచి తేవాలో రాసే ఫైల్) మన దేశపు మిర్రర్ (డెబియన్ ఆర్కైవ్ నకలు ఉంచే సర్వర్) పెట్టాం. వేగానికి వంకలేదు. కానీ వారానికి రెండు మూడుసార్లు ఏపీటీ (ప్యాకేజీలు దించే టూల్) అప్‌డేట్ "హ్యాష్ సమ్ మిస్‌మ్యాచ్" (దించిన ఫైల్ చెక్‌సమ్ సరిపోలలేదు) అని ఆగిపోతోంది.

మిర్రర్‌లో ప్రాజెక్ట్ కింద ట్రేస్ ఫోల్డర్ తెరిస్తే చివరి సింక్ సమయం కనిపిస్తుంది. అసలు ఆర్కైవ్ రోజుకు నాలుగుసార్లు మారుతుంది, ఇక్కడేమో రెండు రోజుల కిందటి తేదీ. అయితే ఒట్టి పాతదనానికి ఈ ఎర్రర్ రాదు. ఇన్‌రిలీజ్ (ఆర్కైవ్ ఫైళ్ల చెక్‌సమ్‌ల జాబితా) ఒక సమయానిది, ప్యాకేజెస్ ఫైల్ (ప్యాకేజీల జాబితా) ఇంకో సమయానిది అయితే వస్తుంది. అంటే సింక్ సగంలో ఉండాలి, లేదా దారిలో ఏదో ప్రాక్సీ (మధ్యలో కాపీలు దాచే సర్వర్) పాత కాపీ ఇస్తుండాలి. మా సిస్టమ్‌లో ఏపీటీ జాబితాలు దాచే లిస్ట్స్ ఫోల్డర్ ఖాళీ చేసి మళ్లీ నడిపితే ఒక్కోసారి పోతోంది. అడ్రస్‌ను హెచ్‌టీటీపీఎస్‌కి మారిస్తే ప్రాక్సీ సంగతి తేలుతుంది, అది ఈ రోజే చేస్తాం.

ఇన్‌రిలీజ్‌పై సంతకం ఉంటుంది కాబట్టి ఫైళ్లు ఎవరో మార్చేస్తారన్న భయం లేదు. బెంగంతా ప్యాచ్‌లు ఆలస్యం కావడం గురించే. అందుకే సెక్యూరిటీ లైన్‌ను మిర్రర్‌కి మార్చకుండా సెక్యూరిటీ.డెబియన్.ఆర్గ్‌కే ఉంచాం.

కోరాపుట్, గజపతి, బరంపురం వైపు వాడేవాళ్లు చెప్పండి: డెబ్.డెబియన్.ఆర్గ్ (డెబియన్ సొంత డౌన్‌లోడ్ అడ్రస్) సాయంత్రం రద్దీలో కూడా నిలకడగా వస్తోందా? మిర్రర్ ఎంచిపెట్టే నెట్‌సెలెక్ట్-ఏపీటీ టూల్ నెట్‌వర్క్ దూరమే చూస్తుంది, తాజాతనం చూడదు. తాజాతనం కూడా చూసే పద్ధతి ఏదైనా వాడుతున్నారా? ల్యాబ్‌లో ఏపీటీ-క్యాచర్-ఎన్‌జీని (దించిన ప్యాకేజీలను అన్ని సిస్టమ్‌లకూ దాచిపెట్టే సర్వర్) 3142 పోర్ట్‌లో పెడితే ఈ ఎర్రర్ తగ్గుతుందా, పాత కాపీలతో ఇంకా పెరుగుతుందా?