యుద్ధం ముగిశాక ముందేది: తుపాకులు దించడమా, భూములు తిరిగివ్వడమా?

కావలి మాస్టారు:
శ్రీలంకలో సైన్యానికీ తమిళ పులులకీ (ఎల్టీటీఈ) మధ్య యుద్ధం 2009 మేలో ముగిసింది. అయినా ఉత్తరాన తమిళ తల్లులు కనిపించకుండా పోయిన పిల్లల ఫొటోలు పట్టుకుని 2017 నుంచి రోడ్డు పక్కన దీక్షలు చేస్తున్నారు. దీన్ని శాంతి అనొచ్చా? ముందు ఏం చేసి ఉండాల్సింది?

కనిగిరి మాజీ జవాను:
మాస్టారూ, 1987లో నేను మన దేశం పంపిన శాంతిసేనతో శ్రీలంక ఉత్తరాన జాఫ్నాలో ఉన్నాను. భారత్-శ్రీలంక ఒప్పందం ప్రకారం పులులు 72 గంటల్లో ఆయుధాలు అప్పగించాలి. ఆగస్టులో జాఫ్నా దగ్గర పలాలిలో కొన్ని తుపాకులు తెచ్చి పెట్టారు, ఫొటోలు దిగాయి. అసలు సరుకు దాచేశారు. అక్టోబరుకల్లా మా మీదే పేల్చారు. 1990లో తిరిగొచ్చేసరికి దాదాపు 1,200 మందిని పోగొట్టుకున్నాం. ముందు ఆయుధాలు. మిగతావన్నీ తర్వాతే.

ముత్తుకూరు శీను:
అన్నా, ఇప్పుడు పులులూ లేరు, తుపాకులూ లేవు గదా? మరి పలాలి చుట్టూ 1990లో ఖాళీ చేయించిన భూముల్లో కొన్ని ఇంకా సైన్యం చేతిలోనే ఎందుకున్నాయి? ఉత్తరానే కేప్పాపిలవు అనే ఊళ్లో జనం తమ భూముల కోసం 2017లో సైన్యం క్యాంపు ఎదుటే కూర్చోవాల్సొచ్చింది. భూమి పోతే ఎట్లుంటుందో నాకు తెలుసు. మా నాయన రెండెకరాలు ఒక ప్రాజెక్టుకు పోయాయి. పరిహారం ఇప్పటికీ తేలలేదు. మా గట్టు మీదకి వాచ్‌మన్ మమ్మల్నే రానివ్వడు.

కనిగిరి మాజీ జవాను:
మీ రెండెకరాలకీ జాఫ్నాకీ ఏం సంబంధం తమ్ముడూ?

కందుకూరు కుర్రోడు:
శీనన్న ఏ చర్చలోనైనా ఆ రెండెకరాలు తెస్తాడు 😀

కావలి మాస్టారు:
నేపాల్ చూడండి. 2006 ఒప్పందం తర్వాత మావోయిస్టుల తుపాకుల్ని కంటైనర్లలో పెట్టి ఐక్యరాజ్యసమితి నిఘా పెట్టింది. తాళంచెవి మాత్రం మావోయిస్టుల దగ్గరే. సైన్యం కూడా అన్నే ఆయుధాలు పక్కన పెట్టింది. ఎవరి పరువూ పోలేదు. 2008లో ఎన్నికలు జరిగాయి.

కనిగిరి మాజీ జవాను:
తాళంచెవి వాళ్ల దగ్గరుంటే అది అప్పగింత ఎట్లా అవుతుంది?

కావలి మాస్టారు:
కెమెరాలు, అలారం ఉన్నాయి.

కనిగిరి మాజీ జవాను:
అలారం మోగితే తుపాకీ ఆగుతుందా?

మార్కాపురం పలక:
తాళంచెవి వదిలేయండి సామీ. 2004లో మా నల్లమల నుంచి అన్నలు చర్చలకొచ్చినప్పుడూ ఇదే పీటముడి. ఆయుధాలతో ఊళ్లలో తిరగొచ్చా, కూడదా? 2005 జనవరికి చర్చలు తెగిపోయాయి. రాత్రి వాళ్లకు అన్నం పెట్టావా అని పొద్దున పోలీసులు. నలిగింది అడవి పక్క ఊళ్లవాళ్లం.

ముత్తుకూరు శీను:
జవానన్నా, సూటిగా అడుగుతా. జాఫ్నా దగ్గర కోపాయిలో పులుల సమాధుల్ని బుల్డోజర్లతో చదును చేసి, అక్కడే సైనిక శిబిరం కట్టారు. అది కరెక్టేనా?

కనిగిరి మాజీ జవాను:
నా పక్కనున్నవాడు మందుపాతరకు పోయాడు. వాళ్లమ్మకు కొడుకు ముఖం కూడా చూపించలేకపోయాం. అది పెట్టినవాడికి సమాధీ, పులుల అమరుల దినమని నవంబర్ 27న దీపమూనా? భూముల సంగతి మీరేమన్నా మాట్లాడుకోండి. ఇది మాత్రం నేనొప్పుకోను. నన్నింక రెచ్చగొట్టొద్దు.

కావలి మాస్టారు:
అసలు గొడవ ఇదీ! ఇంతసేపూ తాళంచెవి మీద కొట్టుకున్నాం. 1989లో మన సైన్యాన్ని పొమ్మన్న దేశమే తర్వాత కొలంబో దగ్గర మనవాళ్లకు స్మారకం కట్టింది గదండీ.

కనిగిరి మాజీ జవాను:
మేం ఆ ప్రభుత్వంతో ఒప్పందం మీద వెళ్లాం. పోలికేంటి?

ముత్తుకూరు శీను:
దీపం పెట్టేది వాళ్లమ్మ అన్నా.

కనిగిరి మాజీ జవాను:
ఇంట్లో పెట్టుకోమను, ఎవరొద్దన్నారు? బజార్లో పులి జెండా కట్టి పెడితేనే తంటా.

మార్కాపురం పలక:
కొందరికి ఆ ఇల్లే సైన్యం దగ్గరుంది గదా సార్.

కనిగిరి మాజీ జవాను:
ఇల్లు ఇచ్చేయమనే నేనూ అంటా. జెండా సంగతి చెప్పండి ముందు.