వర్క్‌షాప్‌కు ల్యాబ్‌వ్యూ: పిల్లల ల్యాప్‌టాప్‌లలోనా, ల్యాబ్ సిస్టమ్స్‌లోనా?

గుత్తి రోడ్డు
అనంతపురంలో మా ఈసీఈ రెండో సంవత్సరం పిల్లలకు రెండు రోజుల ల్యాబ్‌వ్యూ (బొమ్మ గీసినట్టు ప్రోగ్రామ్ చేసి కొలతలు తీసే సాఫ్ట్‌వేర్) వర్క్‌షాప్ పెడుతున్నాం. ల్యాబ్‌లో ఉన్న సిస్టమ్స్ సగం మందికే చాలుతాయి. ఎవరి ల్యాప్‌టాప్‌లో వాళ్లే ముందుగా ఇన్‌స్టాల్ చేసుకుని రావాలని నోటీసు పెడదామని నేనంటున్నా. ఇద్దరికొక ల్యాబ్ సిస్టమ్ చాలని మా హెచ్‌ఓడీ. మీరేమంటారు?

తుంగభద్ర
హెచ్‌ఓడీ గారి మాటే సరి. నోటీసు పెడితే చదివేదెవరు సార్? చేసుకొచ్చిన వాళ్లవీ తలో వెర్షన్. మీరిచ్చిన కొత్త వెర్షన్ వీఐ ఫైలు, అంటే ల్యాబ్‌వ్యూ ప్రోగ్రామ్, పాత వెర్షన్‌లో తెరుచుకోదు. కొలతలు తీసే బోర్డును నడిపే డాక్ఎంఎక్స్ డ్రైవర్ వేరుగా వేయాలి, అదీ జీబీల్లోనే. హాస్టల్ పిల్లల డేటా ప్యాక్ దానికే అయిపోతుంది. మొదటి పూటంతా ఇన్‌స్టలేషన్ టెన్షనే.

పెన్న ఒడ్డు
నేను స్టూడెంట్‌నే. ఇద్దరికొకటి అంటే మౌస్ ఒకడి చేతిలో ఉంటుంది, రెండోవాడు చూస్తూ కూర్చుంటాడు. ఇంటికి పోయాక మళ్లీ తెరిచి చూసుకోవడానికి ఏమీ ఉండదు. బోర్డు లేకపోయినా మ్యాక్స్ అనే సెట్టింగ్స్ ప్రోగ్రామ్‌లో సిమ్యులేటెడ్ డివైస్ (ఉత్తుత్తి బోర్డు) పెట్టుకుని ప్రాక్టీస్ చేయొచ్చు కదా సార్?

తుంగభద్ర
చేయొచ్చు తమ్ముడూ. కానీ అనలాగ్ ఇన్‌పుట్ అడిగితే అది ఎప్పుడూ అదే సైన్ వేవ్ ఇస్తుంది. వైరు లూజైతే రీడింగ్ ఎలా ఊగుతుందో అందులో తెలీదు. అసలు బోర్డుతో 50 హెర్ట్జ్ సిగ్నల్‌ను సెకనుకు 60 శాంపిల్స్‌తో తీసి చూడు, శాంపిల్స్ చాలక తెరమీద 10 హెర్ట్జ్ కనపడుతుంది. సిగ్నల్ జనరేటర్ నాబ్ మీద 50 చూస్తూ తెరమీద 10 చూసినవాడు శాంప్లింగ్ రేటు సంగతి ఇక మర్చిపోడు. ప్రోగ్రామ్ గీయడం ఇంట్లోనైనా వస్తుంది, కొలవడం బోర్డు ముందే.

కడప ఇన్‌స్ట్రుమెంటేషన్
లైసెన్సు సంగతి ఎవరూ ఎత్తలేదేం? 2020లో వచ్చిన కమ్యూనిటీ ఎడిషన్ ఉచితమే గానీ, ఇంజినీరింగ్ కాలేజీ పాఠాలకు కాదు. హాబీ ప్రాజెక్టులకూ, స్కూలు పిల్లలకూ అది. ల్యాబ్‌వ్యూ తయారుచేసే ఎన్‌ఐ కంపెనీని 2023లో ఎమర్సన్ కొన్నది, కాబట్టి పాత కాగితాలు నమ్ముకోకుండా మీ అకడమిక్ లైసెన్సులో విద్యార్థుల సొంత మెషీన్లకు అనుమతి ఉందో లేదో డీలర్‌ను అడగండి. లేదంటే ఈ చర్చే దండగ. క్రాక్ మాట మాత్రం ఇక్కడ ఎత్తొద్దు.

గుత్తి రోడ్డు
అడిగాను. మా లైసెన్సులో అనుమతి ఉంది. ఆఫ్‌లైన్ ఇన్‌స్టాలర్ పెన్‌డ్రైవ్‌లలో వేసి, ముందురోజు సాయంత్రం ల్యాబ్‌లో అందరం కలిసి ఎక్కిద్దామనుకుంటున్నా. ఎక్కనివాళ్లకు ల్యాబ్ సిస్టమ్స్. బోర్డు పని ఎలాగూ ల్యాబ్‌లోనే. హెచ్‌ఓడీ ఇంకా ఊ అనలేదు.

తుంగభద్ర
పెన్‌డ్రైవ్‌లు ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేయండి. ఫ్యాట్32లో 4 జీబీ దాటిన ఫైలు కాపీ కాదు. ఎక్కించాక రీస్టార్ట్ అడుగుతుంది, పిల్లలు ‘తర్వాత’ నొక్కేస్తారు, చూసుకోండి.

పెన్న ఒడ్డు
ఆపిల్ మ్యాక్ ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లు?

కడప ఇన్‌స్ట్రుమెంటేషన్
డాక్ఎంఎక్స్ మ్యాక్‌లో నడవదు. వాళ్లకు ల్యాబ్ సిస్టమే.