సమస్య: నిప్పు తిన్న నోరు నిద్రపోయె

నిర్వాహకుడు: ఈ పాదం పొద్దుట్నుంచీ నాలుక మీదే ఆడుతోంది. సందర్భం: చైనాలో సిచువాన్ రాజధాని చెంగ్దూ గానీ, పక్కనున్న చోంగ్‌చింగ్ గానీ వెళ్లిన బాటసారి భోజనం. పద్యంలో వంటకమేదో పోల్చుకోగలగాలి. ఊరికే కారం, కారం అని వాపోతే ఒప్పుకోను.

కొండమిరప:
మిరప నూనె సెగకు మిన్నంటె మంటలు
పెదవి మొద్దుబారె; పిదప వింత!
హ్వాజియావు తొక్క యంటిన నిమిషాన
నిప్పు తిన్న నోరు నిద్రపోయె.

పాలపిట్ట: తొక్క అన్నారు చూడండి, అక్కడ పడిపోయాను. వంటకు పనికొచ్చేది ఆ హ్వాజియావు (హ్వాజ్యావ్) కాయ పైతొక్కే. లోపలి నల్లగింజ పంటికింద ఇసుకలా కరకరలాడుతుంది, ఏరి పారేస్తారు. పేరుకు సిచువాన్ మిరియం గానీ అది మిరియాల జాతి కాదు, నారింజ కుటుంబం. కొంకణంలో చేపల పులుసులో వేసే తిర్ఫల్‌కు దగ్గర చుట్టం.

అరసున్న: కొండమిరప గారి పద్యంలో పెదవి రెండో పాదంలో మొద్దుబారింది, తొక్క మూడో పాదంలో అంటింది. జబ్బు ముందొచ్చి దోమ తరవాత కుట్టినట్టుంది. పైగా మిరప మంటకు పెదవి మొద్దుబారదు, మండుతుంది. తిమ్మిరి హ్వాజ్యావ్‌లో ఉండే సాన్‌షూల్ అనే పదార్థం పని. అది కొరికిన కొన్ని క్షణాలకు మొదలై జుమ్మంటుంది. 2013లో లండన్ పరిశోధకులు ఆ జుమ్మును సెకనుకు సుమారు 50 సార్లు అదిరే స్పర్శతో పోల్చి తేల్చారు.

కొత్తపెన్ను: "వింత" తరవాత "హ్వా" సంయుక్తం కదా, "త" గురువు కాదా?

నిర్వాహకుడు: వేరువేరు పదాలు, పైగా పాదాంతం. కాదు.

కొండమిరప: అరసున్న గారు దోమల సంగతి బాగా చెప్పారు. మరి ఆయన పూరణ ఏదీ? పోయినసారి ఇడ్లీ సమస్యకు కూడా విమర్శ మూడు పేరాలు, పద్యం మూడు రోజుల తరవాత.

అరసున్న: ఇదిగో, చోంగ్‌చింగ్ హాట్‌పాట్, తెర్లే కుండలో ముక్కలు ముంచి ఉడికించుకు తినేది.
ఏడు మార్లు పైకి నెనిమిది కిందికి
బోటి ముక్క నూనెఁ బొరలి లేచె
నువ్వునూనె లోన నొక్కటి ముంచంగ
నిప్పు తిన్న నోరు నిద్రపోయె.

పాలపిట్ట: మొదటి పాదం అక్కడివాళ్ల నోట నలిగే లెక్కే! మావ్ దూ, అంటే పల్చటి బోటి ముక్కను చాప్‌స్టిక్కులతో పట్టుకునే ఉండి ఏడుసార్లు లేపి ఎనిమిదిసార్లు ముంచాలి. మొత్తం పదిహేను సెకన్లు. వదిలేస్తే అడుగున పోయి రబ్బరవుతుంది. తొమ్మిది గళ్ల కుండైతే నడిమి గడిలోనే ముంచాలి, అక్కడే తెర్లుతుంది. మూలగళ్లు నెమ్మదిగా ఉడికేవాటికి.

కొండమిరప: ఏడు–ఎనిమిది దగ్గర యతికి ద్రుతపు నకారాన్ని పక్కనపెట్టి అచ్చును చూశారు. నువ్వు–నొక్కటి దగ్గర అదే ద్రుతపు నకారాన్ని యతికి వాడుకున్నారు. ఒకే పద్యంలో రెండు న్యాయాలా? ఇంకొకటి: "నూనెఁ" అన్నారు. చోంగ్‌చింగ్ కుండలో ఉండేది ఎక్కువగా గొడ్డు కొవ్వు, న్యో యో. అది తిననివాళ్లు కుండ పొయ్యి మీదికి రాకముందే "చింగ్ యో" అని గింజల నూనె అడగాలి. సగం తెలుపు, సగం ఎరుపు కుండ తెప్పించుకుంటే చాలనుకుంటారు కొందరు. తెల్లవైపుది చాలాచోట్ల ఎముకల రసమే, తెర్లినప్పుడు ఎర్రది ఇటు చిందుతుంది కూడా.

నిర్వాహకుడు: "నువ్వునూనె గిన్నె నోరూర ముంచంగ" అంటే యతి గొడవ వదిలిపోతుంది. భావం మాత్రం గట్టిది. మిరప ఘాటు నూనెలో కరుగుతుంది, నీళ్లలో కరగదు. నువ్వులనూనెలో దంచిన వెల్లుల్లి, కొత్తిమీర కలిపి పెట్టుకునేది అందుకే. ముక్క కూడా చల్లారుతుంది.

పాలపిట్ట: నాది లాజీజీ, ఎండుమిరప గుట్టలో వచ్చే కోడి ముక్కలు.
ఎండుమిరపగుట్ట నేరితీయక మింగి
కోడి ముక్కలన్ని కొసకు మిగుల
నర్ధరాత్రి లేచి యడిగెను నీళ్ళనే
నిప్పు తిన్న నోరు, నిద్ర పోయె.

నిర్వాహకుడు: ఆహా! అందరూ నోటిని నిద్రపుచ్చుతుంటే మీరు నిద్రనే తరిమేశారు. ఒక్క విరుపుతో సమస్య తిరగబడింది. నీళ్లు అడిగించడం ఇంకా బాగుంది, అవి ఎలాగూ పనిచెయ్యవు.

అరసున్న: విరుపు బాగుందని ఒప్పుకోక తప్పదు. ఆ గుట్ట నూనెకు వాసన పట్టడానికే, తినడానికి కాదు. చాప్‌స్టిక్కులతో మిరపకాయలు పక్కకు జరిపి బొటనవేలి గోరంత ముక్కలు వెతుక్కోవాలి. ఎముకతో సహా ముక్కలు కొడతారు, చూసి కొరకాలి. కొండమిరప గారు గమనించగలరు, ఇందులో కార్యం కారణం తరవాతే వచ్చింది.

కొత్తపెన్ను:
వేయిలా యటంచు వేడుకొన్నను గాని
చోంగుచింగు వంట చురుకె చురుకు
సోయపాలు తాగి సుఖపడు నంతలో
నిప్పు తిన్న నోరు నిద్రపోయె.

కొండమిరప: రెండో పాదం నోట్లో తిరుగుతోంది, శభాష్. వేయ్ లా అంటే "కొద్ది కారం", అదీ వాళ్ల కొలతలో. అసలు వద్దనుకుంటే "బూ లా" అనాలి. తిమ్మిరి పడనివాళ్లు "బూ యావ్ హ్వాజ్యావ్" అని విడిగా చెప్పాలి, కారం తగ్గించినంత మాత్రాన అది తగ్గదు. సోయపాలు మంట మొదలయ్యాక కాదు, ముందే తెప్పించి పెట్టుకోవాలి. అన్నం కూడా అడక్కపోతే చివర్లో తెస్తారు.

కొత్తపెన్ను: ధన్యవాదాలండీ. శాకాహారులకు మాపో తోఫు, అదే కారం పులుసులో సోయా పనీరు, పర్వాలేదా?

అరసున్న: పర్వాలేదనుకునే దెబ్బతింటారు. 1862లో చెంగ్దూలో వాన్‌ఫూ వంతెన దగ్గర పుట్టిన వంటకం అది, అసలు పద్ధతిలో గొడ్డుమాంసం కైమా పడుతుంది. "వో ఛీ సూ", నేను శాకాహారిని, అని ముందే చెప్పి, కైమా వద్దని మళ్లీ చెప్పాలి. "నీళ్లలో ఉడికిన చేప" అనే పేరు చూసి పత్యం కూడు అనుకోకండి. పైన తేలేది వేళ్ల మందాన మిరప నూనె. చేపను ఎత్తి, నూనె ఓడ్చి తినాలి, ఆ రసం తాగరు. ఇలాంటివి పద్యంలో పెట్టాలంటే యతి కుదరాలి, ఇడ్లీ సమస్యలో కొండమిరప గారు ల–డ యతి వేసినట్టు కాదు.

కొండమిరప: ల–డ యతికి ప్రమాణం చూపిస్తాను, కాచుకోండి.

నిర్వాహకుడు: ఇడ్లీ తగువు ఇడ్లీ దగ్గరే తేల్చుకోండి. రేపటి సమస్య కందంలో.