లినక్స్‌ను పెన్‌డ్రైవ్ నుంచే నడపడమా, హార్డ్‌డిస్క్‌లో ఎక్కించడమా?

కొత్తచేయి:
ఇంట్లో ఉన్నది ఒకటే ల్యాప్‌టాప్. 4 జీబీ ర్యామ్, పాతకాలపు తిరిగే హార్డ్‌డిస్క్, విండోస్ 10. అందులో మా అక్క ఆఫీసు ఫైళ్లున్నాయి, డిస్క్ జోలికి వెళ్లవద్దని గట్టిగా చెప్పింది. అందుకే రెండు నెలలుగా 16 జీబీ పెన్‌డ్రైవ్ నుంచి లినక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను లైవ్‌గా, అంటే డిస్క్‌లో ఎక్కించకుండా నేరుగా నడుపుతూ పైథాన్ నేర్చుకుంటున్నాను. బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. నిన్న కరెంటు పోయి, డెస్క్‌టాప్‌పై పెట్టుకున్న మూడు గంటల పనంతా పోయింది. స్నేహితుడు హార్డ్‌డిస్క్‌లో ఎక్కించుకోమంటున్నాడు. ఏం చేయమంటారు?

పాతపెట్టె:
ఎక్కించుకోండి. లైవ్ అనేది పెళ్లిచూపుల వరకే, కాపురానికి పనికిరాదు. పెన్‌డ్రైవ్‌లో ఉన్న వ్యవస్థ అంతా స్క్వాష్‌ఎఫ్ఎస్ అనే ఒకే ఒక్క కుదించిన ఫైలు. దాన్ని చదవగలం, అందులో రాయలేం. మీరు దాచిన ప్రోగ్రాములు, మార్చిన సెట్టింగులు అన్నీ ర్యామ్‌లో దాని మీద ఒక పొరగా పేరుకుంటాయి. కరెంటు పోతే పొర పోతుంది. పైగా ఉన్న 4 జీబీలోనే ఆ పొరకూ వాటా, బ్రౌజర్‌కూ వాటా. మింట్‌కు 20 జీబీ చోటు చాలు, విండోస్ పార్టిషన్‌ను, అంటే డిస్క్‌లో విండోస్‌కు కేటాయించిన భాగాన్ని, కాస్త కుదిస్తే సరి.

తాళంచెవి:
కాస్త కుదిస్తే సరి అని ఎంత తేలిగ్గా అన్నారండీ! బ్యాటరీ లేని యంత్రంలో, పార్టిషన్ కుదిస్తుండగా కరెంటు పోతే అక్కగారికి ఎవరు జవాబు చెబుతారు?

లైవ్‌ను అంత చులకన చేయకండి. 2000లో క్లౌస్ నాపర్ నాపిక్స్ అనే లైవ్ లినక్స్‌ను తెచ్చినప్పటి నుంచి, బూట్ కాని కంప్యూటర్లలోంచి ఫైళ్లు బయటికి లాగడానికి చాలామందికి అదే దిక్కు. గోప్యత కోసం చేసిన టెయిల్స్ అనే లైవ్ లినక్స్ అయితే అన్నీ మరిచిపోవడానికే పుట్టింది, అక్కడ మతిమరుపే సుగుణం. కొత్తచేయి గారికి కావలసింది పర్సిస్టెన్స్ ఒక్కటే. అది ఉంటే మార్పులు ర్యామ్‌లో కాకుండా పెన్‌డ్రైవ్‌లోనే నిలుస్తాయి.

పాతపెట్టె:
కుదించడం విషయంలో తొందరపడ్డాను, ఒప్పుకుంటున్నాను. పర్సిస్టెన్స్‌ను మాత్రం ఒప్పుకోను. ఒక ఏడాది వాడి చెబుతున్నాను. ఆ మార్పులను దాచే ఫైలు ఫ్యాట్32 అనే పాత ఫైల్‌సిస్టమ్‌లో ఉంటే 4 జీబీ దాటదు. లినక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నల్‌ను అప్‌డేట్ చేస్తే చోటు తింటుందే కానీ, మళ్లీ బూట్ అయ్యేది మొదట పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించిన ఐఎస్ఓ ఫైలుతో వచ్చిన పాత కెర్నలే. అన్నిటికంటే విసుగు ఏమిటంటే, చవక పెన్‌డ్రైవ్‌లు పెద్ద సినిమాను గబగబా మింగుతాయి కానీ బ్రౌజర్ రాసే వందల చిన్నచిన్న ఫైళ్ల దగ్గర ఊపిరాడక నిలబడిపోతాయి. మౌసు కదలదు, పెన్‌డ్రైవ్ దీపం మాత్రం టపటపా కొట్టుకుంటూ ఉంటుంది. ఒకసారి అప్‌డేట్ పెట్టి స్నానానికి వెళ్లాను. టిఫిన్ కూడా అయింది, అది మాత్రం కాలేదు.

తాళంచెవి:
4 జీబీ హద్దు ఫైలుకే. పెన్‌డ్రైవ్‌లోనే విడిగా ఎక్స్‌టీ4 (లినక్స్ ఫైల్‌సిస్టమ్) పార్టిషన్ చేస్తే ఆ బెడద లేదు. కెర్నల్ సంగతి నిజమే.

మూడోదారి:
మీ ఇద్దరూ పెన్‌డ్రైవ్ అంటే లైవ్ అనీ, ఇన్‌స్టాల్ అంటే లోపలి డిస్క్ అనీ అనుకుంటున్నారు. యూఎస్‌బీకి తగిలించే బయటి ఎస్ఎస్‌డి (తిరిగే భాగాల్లేని డిస్క్) మీద మామూలుగానే ఎక్కించవచ్చు కదా? అది లైవ్ కాదు, పూర్తి ఇన్‌స్టాలే. యూఎస్‌బీ 3 పోర్టు ఉంటే పాత హార్డ్‌డిస్క్ కన్నా చురుగ్గా ఉంటుంది. యూఎస్‌బీ 2 అయితే సెకనుకు 30, 40 ఎంబీల దగ్గరే ఆగుతుంది.

ఒక్క జాగ్రత్త. నేను అలా ఎక్కించినప్పుడు, ఎస్ఎస్‌డినే ఎంచుకున్నా వ్యవస్థను మొదలుపెట్టే బూట్‌లోడర్ మాత్రం లోపలి డిస్క్‌లో బూట్ ఫైళ్లుండే ఈఎఫ్ఐ పార్టిషన్‌లో కూర్చుంది. మర్నాడు ఎస్ఎస్‌డి తీసి బావగారికి ల్యాప్‌టాప్ ఇస్తే, విండోస్‌కు బదులు నల్లతెర మీద ఆ బూట్‌లోడర్ పేరు గ్రబ్ అని ఒక్క ముక్క కనిపించింది. బూట్ మెనూలో విండోస్ బూట్ మేనేజర్‌ను ఎంచుకుంటే తెరుచుకుందనుకోండి, కానీ ఆ పది నిమిషాలు ఆయన ముఖం చూడలేకపోయాను. అందుకే ఇన్‌స్టాల్ చేసేటప్పుడు లోపలి డిస్క్‌ను ఊడదీయండి, లేదా బయోస్‌లో (ల్యాప్‌టాప్ సొంత సెట్టింగుల్లో) ఆపేయండి.

పాతపెట్టె:
ఇది నాకు తట్టలేదు. నా ఓటు దీనికే.

తాళంచెవి:
నాది ఇంకా పర్సిస్టెన్స్‌కే. ఎస్ఎస్‌డి కొనే డబ్బు ఎవరిస్తారు?

కొత్తచేయి:
పోర్టు లోపల నీలంగానే ఉంది, యూఎస్‌బీ 3 అనుకుంటాను. ఎస్ఎస్‌డి వచ్చే నెల జీతానికి. అప్పటిదాకా లైవ్‌లోనే ఉంటూ ప్రోగ్రాములన్నీ రెండో పెన్‌డ్రైవ్‌లో దాస్తాను. బయోస్‌లో డిస్క్‌ను ఆపే వీలు కనిపించలేదు, కాబట్టి ఊడదీయక తప్పదు. అడుగున పదకొండు మరలున్నాయి. అక్కకు ఇంకా చెప్పలేదు.