తమ్ముడికి రెండు ఉద్యోగాలు: బెంగళూరా, హైదరాబాదా?

సప్తగిరి_సర్కిల్:
మా తమ్ముడికి రెండు ఊళ్లలోనూ ఉద్యోగం వచ్చింది. నేను బెంగళూరే అంటాను. ఆరేళ్లున్నాను. ఆదివారం పొద్దున లాల్‌బాగ్‌లో నడిస్తే వారం అలసట పోతుంది. తెలుగు సినిమా రిలీజ్ రోజే చూడొచ్చు. అనంతపురం నుంచి 210 కిలోమీటర్లు.

బురుజు_కాడ:
అన్నా, కర్నూలు నుంచి హైదరాబాద్ కూడా అంతే, అదే 44వ నంబరు రోడ్డు. సినిమా అంటే ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో చూడాల. మీ బెంగళూరు సిల్క్‌బోర్డు జంక్షన్ కాడ ట్రాఫిక్‌లో ఇరుక్కొని బస్సులో గంటా పది నిమిషాలు నిలబడ్డాను. మేనమామ కూతురి నిశ్చితార్థానికి చేరేసరికి తాంబూలాలు మార్చుకోవడం అయిపోయింది.

సప్తగిరి_సర్కిల్:
సిల్క్‌బోర్డు ఒక్కటే బెంగళూరా? సాయంత్రం 6 గంటలకు అమీర్‌పేట మెట్రోలో లైను మారి చూడు. అయినా మెట్రో మాకు 2011లోనే వచ్చింది, మీకు 2017లో.

బురుజు_కాడ:
ముందొచ్చి ఏం లాభం? సిల్క్‌బోర్డు దాకా రావడానికి 2025 అయింది.

ఉగ్గాని_బజ్జి:
అడ్వాన్సు సంగతి చెప్పండప్పా. బెంగళూరులో నన్ను పది నెలల అద్దె ముందే కట్టమన్నారు.

పెన్న_ఒడ్డు:
నీళ్లో? 2024 ఎండాకాలం మా అక్క వాళ్లు అక్కడ ట్యాంకరు కోసం రాత్రిళ్లు కాచుకున్నారు.

బురుజు_కాడ:
ఎవరేం చెప్పినా అన్న సిల్క్‌బోర్డుకు జవాబివ్వడు. అనంతపురం వాళ్లకు హైదరాబాద్ అంటేనే పడదు. తెలుగు ఊరు వదిలి పొరుగు రాష్ట్రాన్ని మోస్తారు.

సప్తగిరి_సర్కిల్:
ఆ తెలుగు ఊళ్లో ఏడాదిన్నర పనిచేశాను తమ్ముడూ. మొదటి మీటింగులో 'ఫైలు యాడికి పంపాల' అన్నాను. గదంతా నవ్వింది. ఆ రోజు నుంచి టీకి పోయినా 'ఒక ఫ్యాక్షన్ డైలాగ్ కొట్టు' అనేవాళ్లు. మా నాయన శెనక్కాయల రైతు. ఆయన కొడవలి పట్టింది కంపచెట్లు కొట్టేదానికే. బెంగళూరులో నా తప్పుల కన్నడాన్ని ఆటో ఆయన సరిదిద్దాడు గానీ నవ్వలేదు. నా తమ్ముడు నోరు తెరవాలంటే భయపడే చోటికి ఎట్ల పంపాల?

బురుజు_కాడ:
అన్నా, నన్నూ అట్లే అన్నారు. నేను యాస మార్చుకున్నా. ఇంటికి ఫోన్ చేయాలంటే మెట్ల కాడికి పోయి మాట్లాడతా. కానీ మా అమ్మకు కిడ్నీ జబ్బు. ఇక్కడ డాక్టరు గదిలోకి ఆమె ఒక్కతే పోయి, తన నొప్పి తానే చెప్పుకుంటుంది. దానికోసం ఎంత నవ్వినా పడతా.

ఉగ్గాని_బజ్జి:
ఇంతకీ తమ్ముడు ఏమంటున్నాడు?

సప్తగిరి_సర్కిల్:
పక్కనే కూర్చుని ఇదంతా చదివాడు. హైదరాబాద్ ఆఫీసులో మన వైపు వాళ్లు ఎంతమంది ఉన్నారో కనుక్కోమన్నాడు.