అప్‌డేట్: బీకాంతో పేదల ఇళ్ల ప్రాజెక్టుల ఫైనాన్స్‌లోకి – ఉద్యోగం వచ్చింది

గుంటూరులో ఒక బిల్డర్ దగ్గర ఐదేళ్లుగా అకౌంట్స్ చూస్తున్నాను, పేదల ఇళ్ల ప్రాజెక్టుల ఫైనాన్స్‌లోకి మారాలంటే ఎంబీఏ తప్పదా అని మార్చిలో అడిగాను. జవాబిచ్చిన అందరికీ థాంక్స్ అండి. గత సోమవారం విజయవాడలో ఒక కన్సల్టెన్సీలో చేరాను.

పనికొచ్చింది ఒక్క సలహా: "కోర్సులు పక్కన పెట్టి, ఒక ప్రాజెక్టు క్యాష్‌ఫ్లో (ఏ నెల ఎంత డబ్బు వస్తుంది, ఎంత పోతుంది అనే లెక్క) మీ చేత్తో వేయండి". 2015లో మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ పథకం నిబంధనలు ముందు పెట్టుకుని, భాగస్వామ్య విధానంలో (ప్రభుత్వం, బిల్డర్లు కలిసి కట్టే పద్ధతి) 250 ఇళ్లకు షీటు వేశాను. ఆ నిబంధనల్లో ఒక్కో ఈడబ్ల్యూఎస్ (ఆర్థికంగా బలహీన వర్గాల) ఇంటికి కేంద్రం ఇచ్చే సాయం లక్షన్నర ఉండేది. అన్నీ ఆ ఇళ్లే అనుకుంటే 3.75 కోట్లు. కానీ అది 40, 40, 20 శాతం చొప్పున మూడు విడతల్లో వచ్చేది. చివరి 75 లక్షలు ఇళ్లు పూర్తయ్యాకే. ఈలోపు స్లాబు పడుతుంది, సిమెంటు బిల్లు వచ్చి కూర్చుంటుంది.

ఇంటర్వ్యూలో సరిగ్గా అదే అడిగారు: మధ్యలో ఆ లోటు ఎవరు పూడుస్తారు, అప్పు తెస్తే వడ్డీ ఎవరి మీద పడుతుంది? షీటు తెరిచి నెలవారీగా చూపించాను. అరగంట దాని మీదే మాట్లాడారు.

ఎంబీఏ ఊసే రాలేదు. పైథాన్ ప్రోగ్రామింగ్ కూడా అడగలేదు. టెన్షన్‌తో బట్టీపట్టిన 2018 నాటి 2,000 కోట్ల అమరావతి బాండ్ల (రాజధాని కోసం మార్కెట్లో తెచ్చిన అప్పు) మీద ఒక్క ప్రశ్న లేదు. బిల్డర్ దగ్గర కాంట్రాక్టర్ల బిల్లులు సరిచూసిన అనుభవానికే ఎక్కువ విలువ ఇచ్చారు. జీతం కొంచెం తగ్గింది, ఇష్టపడే ఒప్పుకున్నాను.